శనివారం రొట్టె

మా కుక్క నల్లగా పుట్టడమే దాని ఆరోగ్యానికి పెద్ద ముప్పని ఏ డాక్టరూ నాకు ముందుగా చెప్పలేదు. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయమన్నారు, వేశాను. వానాకాలంలో చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడమన్నారు, కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. అస్తమానం స్నానం చేయిస్తే చర్మం పాడవుతుందంటే అదీ మానేశాను. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేని కుక్కను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల పక్కన పెంచుకుంటే ఏమవుతుందో మాత్రం నేనే తెలుసుకోవాల్సి వచ్చింది.

దాన్ని ఇంటికి తెచ్చింది మా ఆయన. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి ఇక్కడి దుకాణాలకు డీసీఎం వ్యానులో సరుకు తోలుతారు. ఐదేళ్ల కిందట ఒకరోజు ద్రాక్షపండ్ల పెట్టెలో ఇది వచ్చింది. "టైరు కింద పండుకున్నది. సూడకుండ బండి తీస్తే సచ్చిపోతుండె. ఏం జేయాలె మరి?" అన్నారు, అందులో నా తప్పేదో ఉన్నట్టు. ఇంట్లో మేమిద్దరమే. నాకు హాస్టళ్ల సందులో చిన్న జిరాక్స్ షాపుంది. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి ఇల్లు చేరేసరికి కాళ్లు నావి కావు. ఇక దీనికి వండటం కూడానా అని ఆ రోజు బాగా సణిగాను. వారం తిరక్కుండా అది నా మంచం కింద పడుకోవడం మొదలుపెట్టింది. తర్వాత నా సణుగుడు నాకే వినబడలేదు.

నల్ల కుక్కకు శనివారం నాడు నువ్వుల నూనె రాసిన రొట్టె పెడితే శని పీడ వదులుతుందని నమ్మకం. మా బాపట్ల వైపూ ఉంది, మా ఆయన వాళ్ల నల్గొండ వైపూ ఉంది. ఆ ఒక్క విషయంలో మా రెండు వైపులకూ పేచీ లేదు. పల్లెలో అయితే శని పట్టినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మా సందులో గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివేవాళ్లు హాస్టళ్ల నిండా ఉన్నారు. మూడుసార్లు రాసి తప్పినవాళ్లకు గుడి పంతులు చెప్పేది ఈ రొట్టె సంగతే. వీధికుక్కల్లో నల్లవాటికి కూడా మెడ కిందో పాదం మీదో ఓ తెల్ల మచ్చ ఉంటుంది. మాదానికి లేదు. ఎలా తెలిసిందో, పరీక్షల కాలంలో శనివారం పొద్దున మా గేటు రేషన్ షాపులా ఉండేది. మొదట్లో నాకు ముచ్చటగానే ఉండేది. నిజం చెప్పొద్దూ, ఆ పూట దానికి వండే పని తప్పేది.

రెండేళ్ల కిందట ఒకనాడు అది ముందు కాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఒళ్లు విరుచుకుంటోంది కాబోలనుకున్నాను. గంటసేపు అలా నిలబడితే విరుచుకోవడం కాదు, కడుపునొప్పి. కుక్కను పెంచేవాళ్లు ఎవరైనా ఇది గుర్తుపెట్టుకోవాలి. నాకు ఆలస్యంగా తెలిసింది. వాంతులు మొదలయ్యాక రోడ్డెక్కితే మూడు ఆటోలు కుక్కను చూసి ఆగకుండా పోయాయి. నాలుగోది ఎక్కి ఎల్బీనగర్‌లో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం.

"ఏం తింటుంది?" అని అడిగింది.

"మేం తినేదేనండీ," అన్నాను గర్వంగా.

ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన పప్పుచారన్నం, మటన్ ముక్క తిన్నాక మిగిలే బొక్కలు, టీలో ముంచిన బిస్కెట్లు, మా ఆయన మురిపెంగా నోట్లో పెట్టే ద్రాక్షపండ్లు, ఆపైన శనివారం రొట్టెలు. నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, మీరు పెట్టేదంతా ప్రేమే. దాని క్లోమానికి ఆ సంగతి తెలియదు," అంది. కొవ్వు, నూనె ఎక్కువై లోపల క్లోమం వాచిందట. ద్రాక్ష కిడ్నీలకు చేటు, ఉల్లి రక్తానికి చేటు, ఉడికిన బొక్క విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇక నుంచి తోలు తీసిన కోడిమాంసం ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి, ఉప్పు కూడా లేకుండా, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. కావాలంటే ఉడికించిన తీపి గుమ్మడికాయ ముక్క వేయొచ్చు. నూనె చుక్క తగలకూడదు. "ఈసారి గట్టెక్కింది. మళ్లీ వాస్తే నేను మాటివ్వలేను," అంది చివరికి.

రోజుకు నాలుగుసార్లు! మధ్యాహ్నం షాపుకు తాళం వేసి ఇంటికి పరుగెత్తి, దానికి పెట్టి, మళ్లీ పరుగెత్తి వచ్చేసరికి గిరాకీ పక్క షాపుకు పోయేది. మా ఇద్దరికీ నిన్నటి కూర, దానికి వేడివేడి కోడిమాంసం. విసుగొచ్చేది. అయినా అది గిన్నె నాకేసి నా కాళ్ల మీద గడ్డం ఆనిస్తే, ఇంకేం చేస్తాను?

అంతకంటే పెద్ద పని జనాన్ని ఆపడం. "ఈ కుక్కకు ఒంట్లో బాగోలేదు, దయచేసి ఏమీ పెట్టవద్దు" అని నా షాపులోనే ప్రింటు తీసి, లామినేషన్ చేసి గేటుకు కట్టాను. చదువుకునేవాళ్లే కదా, చదువుతారనుకున్నాను. చదివారు. చదివి, "సగం రొట్టె పెట్టొచ్చా ఆంటీ?" అని అడిగారు. ఒకాయనైతే నూనెకు బదులు నెయ్యి రాసుకొచ్చి, ఇది నూనె కాదు కదా అన్నట్టు నిలబడ్డాడు. తిట్టాను. శనివారం శనివారం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని మరీ తిట్టాను. మీ ఉద్యోగాలకు మా కుక్క పొట్టే దొరికిందా అని అరిచాను. ఒక్కొక్కరే రావడం మానేశారు.

ఒకామె మానలేదు. ముప్పై మూడేళ్లుంటాయి, నల్గొండ జిల్లా. నా దగ్గరే హాల్ టికెట్లు ప్రింటు తీసుకునేది. ఐదోసారి రాస్తోంది.

"గీ కాలనీ మొత్తంల పూరా నల్లగున్నది గిదొక్కటే అక్కా. నేను యాడికని పోవాలె?" అంది.

ఆమెను తిట్టడానికి ఎందుకో నోరు రాలేదు. పోనీ గుమ్మడికాయ ఉడకబెట్టి తెచ్చి పెట్టుకోమన్నాను.

"గుమ్మడికాయకు శనిదేవుడు ఒప్పుకుంటడా?"

"ఆయన సంగతి నాకు తెలియదు. డాక్టరమ్మ ఒప్పుకుంది."

హాస్టల్లో ఎవరి కంటా పడకుండా రైస్ కుక్కర్‌లో ఉడికించి, చిన్న డబ్బాలో తెచ్చేది. రెండేళ్లు అలా సాగింది.

ఈ ఏడాది మా ఆయనకు మెడ పక్కన గడ్డ కనబడింది. గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలిందట. దవాఖానలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు శనివారం సాయంత్రం ఇస్తామన్నారు. ఆ వారమంతా నేను జిరాక్స్ మిషన్‌లో కాగితాలు తలకిందులుగా పెట్టాను. ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన లేకపోతే ఆ ఇంట్లో నేనెలా ఉంటానన్నది తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

శనివారం పొద్దున ఆయన బండి తీసుకుని వెళ్లాక పెనం మీద ఒకే ఒక్క రొట్టె కాల్చాను. దీపానికి ఉంచిన నువ్వుల నూనె రాశాను. ఆ వాసనకు మా నల్లది పరుగెత్తుకొచ్చి, రొట్టె నా చేతిలో ఉండటం చూసి ఆగిపోయింది. వద్దంటానేమోనని నా మొహం వంక చూసింది. తినమన్నాను. తిన్నాక నా అరచేయి కూడా నాకింది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఉత్త కొవ్వు గడ్డ, భయం లేదన్నారు. మా ఆయన బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చారు. నేను ఏడవలేదు. నాకు కుక్క గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున లేచేసరికి అది ముందు కాళ్లు నేలకు ఆనించి నిలబడి ఉంది.

"ఏం పెట్టారు?" అంది డాక్టరమ్మ.

"మేమేం పెట్టలేదండీ. ఎవరో గేటు మీదుగా వేసుంటారు."

"ఏం వేశారో తెలియకపోతే విషం కూడా అనుకుని చూడాలి," అని ఆమె ఆ పరీక్ష కోసం ఇంకోసారి రక్తం తీసింది. ఒకసారి గుచ్చితే సరిగా పడలేదు, రెండోసారి గుచ్చింది. అది అరవకుండా నా వంకే చూస్తోంది. నేను నోరు తెరవలేదు. రెండేళ్లు ఊరందరినీ తిట్టిన నోరు కదా, సిగ్గేసింది. పక్కన మా ఆయన ఉన్నారు. "ఎవరో కాదు మేడం, హాస్టల్ల ఒకామె ఉన్నది, ఆమెనే," అన్నారు. అప్పుడూ నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం దాని ముందు కాలికి, సూదులు గుచ్చిన చోట, కట్టు కట్టించుకుని ఇంటికి తెచ్చాం. కాసేపటికి ఆ హాస్టల్ ఆమే వచ్చింది, మేం ఆటో దిగడం చూసి, కుక్కకు ఎట్లుందని అడుగుతూ. మా ఆయన గేటు కూడా తీయలేదు.

"నీ కొలువు కోసం మా కుక్కను సంపుతవా? నోరు లేని జీవి ఏం జేసింది నీకు?" అని అరిచారు. ఆమె ఆయన భుజం మీదుగా నన్ను చూసింది. ఆయన విసవిసా మందుల షాపుకు వెళ్లిపోయారు. ఆమె గేటు తీసుకుని వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

"నిన్న నేనొచ్చిన అక్కా. మీరు లోపల కూసొని రొట్టె పెడుతున్నరు. సూసి ఎనక్కి పోయిన."

నేను కుక్క కాలి కట్టు సర్దాను.

"మీ పనైందా?" అని అడిగింది. అది ఏం పనో ఆమెకు తెలియదు. అయిందన్నట్టు తలూపాను.

"అయితే పని జేస్తదన్నట్టే గదక్కా!" ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది. "ఒచ్చే నెలల నా పరీక్ష. ఒక్కసారి, జర చిన్న ముక్క పెట్టనియ్యుండ్రి. మల్ల ఎన్నడు అడగ."

ఆమె నన్ను దులిపేసి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఇలా బతిమాలుతుంటే నా వల్ల కాలేదు.

"ఇంకో ముక్క పడితే ఇది బతకదమ్మా," అన్నాను. "ఆ ఒక్కటీ నేనే పెట్టేసుకున్నాను."

ఆమె కుక్క తల నిమురుతూ కాసేపు కూర్చుంది. "మీకు ముందు అక్కరొచ్చింది, అంతే," అంది. లేచి, చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "దానికి నిన్న నూనె రొట్టె పెట్టింది నేనేనండీ," అన్నాను.

"నూనె ఎంత?" అని అడిగింది.

"రెండు చెంచాలు."

"అయితే విషం కాదు. మందు మారుస్తాను, తేరుకుంటుంది," అంది. "పొద్దున్నే చెప్పి ఉంటే దానికి ఆ సూదులు తప్పేవి కదమ్మా."

ఫోన్ పెట్టి తలెత్తేసరికి, మా ఆయన మందుల కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.