అడిగి వేసుకున్న గది

పరుపులక్క గదిలోకి వెళ్లే ముందు చెప్పులు గడప బయట విడిచి, ఒకసారి గొంతు సవరించుకునేది. లోపల ఎవరూ ఉండరు. దూది మూటలు, జానెడు పొడవు సూదులు, మూలన తనూ కూతురూ పడుకునే ఒక మంచం. మొగుడు పోయాక, కూతురు చంకలో ఉండగా తనే నిలబెట్టుకున్న గది. అయినా ఎవరింటికో వెళ్తున్నట్టే వెళ్లేది. పక్కనే ఉన్న పిండిమరాయన అది చూసి పగలబడి నవ్వేవాడు.

"నీ గదికి నువ్వే చుట్టానివేంటక్కా?"

"స్థలం మనది కాదుగా తమ్ముడూ!"

స్థలం వీధి చివరి మేడవాళ్లది. అక్కడ తమకో ఖాళీ జాగా ఉందన్న సంగతి మేడ పెద్దాయనకే సరిగా గుర్తుండేది కాదు. పరుపులక్క మాత్రం వెళ్లి అడిగింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "వేసుకోమ్మా, నాకు కావాల్సినప్పుడు తీసేద్దువుగాని" అన్నాడు. ఆ తర్వాత రేకు మార్చాలన్నా, కిటికీ పెట్టాలన్నా వెళ్లి అడిగేది.

పిండిమరాయన ఎవరినీ అడగలేదు. మిగిలిన సగంలో పట్టపగలే గోడ లేపాడు. పెద్దాయన చేతికర్ర ఊపుకుంటూ వచ్చి తిడితే, "చేతనైంది చేసుకో" అని ఇటుక మీద ఇటుక పెట్టాడు. పెద్దాయనకు ఏమీ చేతకాలేదు.

ఏళ్లు గడిచాయి. పెద్దాయన పోయాడు. కొడుకు ఆ జాగా అమ్మబోతే గదీ మరా అడ్డొచ్చాయి. ఇద్దరి మీదా దావా వేశాడు.

"భయపడకండి," అన్నాడు పరుపులక్క పెట్టుకున్న వకీలు. "పరాయి స్థలాన్ని ఆసామిని లెక్కచేయకుండా, నలుగురికీ తెలిసేలా పన్నెండేళ్లు అనుభవిస్తే, ఆ తర్వాత ఖాళీ చేయించే హక్కు అతనికి ఉండదు. మీకు ఇరవై దాటాయి. ఒక్కటే, అడిగి వేసుకున్నానని మాత్రం అనకండి. అనుమతితో ఉంటే నూరేళ్లున్నా మీది కాదు."

"అడిగానుగా బాబూ!"

"ఎవరైనా విన్నారా?"

"లేదు."

"పెద్దాయన లేడు. ఇక ఉన్నది మీ నోరే. దానికో కుట్టు వేయండి."

పిల్లలకు పాఠం అప్పజెప్పించినట్టు కూతురు ఆమె చేత రోజూ చెప్పించింది. "ఎవరినైనా అడిగావా?" "లేదు." "నేలచూపులు చూడకమ్మా. గట్టిగా చెప్పు." "లేదు!"

కోర్టులో ఆ మాట బాగానే వచ్చింది. అవతలి వకీలు తల ఊపి, మెల్లగా అన్నాడు.

"ఊళ్లో మీరు కుట్టిన పరుపు లేని ఇల్లు లేదట. ఇంటింటికీ తిరిగే మనిషి, పరాయి స్థలంలో దొంగలా దూరారన్నమాట."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పరుపులక్క చెవులు భగ్గుమన్నాయి. పాత పరుపు విప్పినప్పుడు దూదిలో గొలుసు దొరికితే, ఆ పూటే ఇంటికెళ్లి ఇచ్చొచ్చిన మనిషి.

"దొంగనా? నేనా? పెద్దాయన్ని అడిగే వేసుకున్నానయ్యా! రేకు మార్చినప్పుడు కూడా అడిగాను. ఆయనే బతికుంటే నీ మొహాన చెప్పేవాడు!"

"చాలమ్మా," అన్నాడు అవతలి వకీలు, ఎంతో మర్యాదగా. కూర్చున్నాడు.

పిండిమరాయన్నీ అదే అడిగారు. "అడగడమేంటండీ? నా జాగాలో నేను కట్టుకున్నాను. ఆయన తిట్టాడు, నేనూ తిట్టాను," అన్నాడు. పిండిమరాయన గెలిచాడు. పరుపులక్క ఓడిపోయింది.

తీర్పు రోజు మెట్ల మీద పిండిమరాయన మీసం తుడుచుకుంటూ అన్నాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. కోర్టు చూడు, అడిగినవాళ్లకే పెట్టలేదు!"

కూతురు నవ్వలేదు. "నాకోసం ఒక్క అబద్ధం ఆడలేకపోయావు. ఇప్పుడు నన్నెక్కడ పడుకోమంటావు?"

"దొంగ అన్నాడే..."

"అనిపించుకుంటే ఏం పోయేది? నీ మర్యాద నెత్తిన పెట్టుకుని నువ్వే ఊరేగు." ఆ వారమే స్నేహితురాలి గదికి వెళ్లిపోయింది. ఎక్కడో చెప్పలేదు.

గది కూల్చేరోజు, దూది మూటలు తీసుకునేదాకా ఆగమని పరుపులక్క పెద్దాయన కొడుకుని బతిమాలింది. "మళ్లీ అడుగుతోంది!" అని అతను కూలీలవైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. మూటల మీదే రేకులు పడ్డాయి.

ఆ సగంలో ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది. పరుపులక్క పిండిమరాయన దగ్గర పిండి జల్లిస్తుంది. రాత్రిళ్లు మర వెనక గోతాల మీద పడుకుంటుంది.