అడ్డంగా వేసిన పడుగు

ఒక్క పొద్దుటి పూటలో సొంత వీధికి ద్రోహిగా, పక్క నగర్‌కు వీరుడిగా పేరు తెచ్చుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆ రెండు పేర్లూ నా తెలివి వల్ల వచ్చాయని మా ఊళ్ళో అందరూ గట్టిగా నమ్ముతున్నారు. నిజం ఏమిటో మీకు ఇప్పుడు చెప్పబోతున్నాను. తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఈ మాత్రం ధైర్యం. మా వీధిలో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది.

మా ఊరు తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు వెళ్ళే దారిలో ఉంది. మాది నేతగాళ్ళ వీధి. వీధి చివర ఒక పెద్ద బయలు. దానికి ఇటువైపు మేము, అటువైపు కొత్తగా వెలిసిన కాలనీ, అందరూ నగర్ అంటారు. నగర్‌లో ఉండేవాళ్ళు పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు దాకా ఉద్యోగాలకు పోయేవాళ్ళు. వాళ్ళకు నడవడానికి చోటు లేదు, వాళ్ళ పిల్లలకు ఆడుకోవడానికి చోటు లేదు. అందుకని ఆ బయల్లో ఆటల పార్కు కట్టించమని అడిగారు. పంచాయతీ ఆఫీసువాళ్ళు సరేనన్నారు గానీ, ఇరుపక్కల ఇళ్ళవాళ్ళనూ పిలిచి చేతులెత్తించి తేలుస్తామన్నారు.

మా వీధికి ఈ పార్కు గొంతులో ముల్లయింది. మగ్గం మీద నిలువుగా సాగే దారాలన్నీ కలిపితే పడుగు. నేసే ముందు దాన్ని బయట పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అంత పొడవైన చోటు ఊళ్ళో ఆ బయలు ఒక్కటే. చాలామంది పవర్‌లూమ్‌లకు మారిపోయారు గానీ మా దొరసామి మామకు ఇంకా చేతిమగ్గమే అన్నం పెడుతోంది. ఆయన మా అమ్మకు అన్న. బయలు పోతే ఆయన మగ్గం మూలపడినట్టే.

మరి నేను ఎటువైపు? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను: "నీ పక్కే."

ఏం చేయమంటారు? ఆ బయల్లోనే రాళ్ళ మధ్య క్రికెట్ ఆడి కాలు బెణికించుకునే జట్టుకు నేను కెప్టెన్ని. మా వీధి గజ నా జట్టులో బౌలరు. వాడు ఒకరోజు బండి ఆపి మరీ అడిగాడు.

"ఏంరా రత్నం, పార్కు వస్తే మంచి పిచ్ వేస్తారంట. మీటింగులో నువ్వే మాట్లాడాల."

"మాట్లాడతాలేరా."

ఆ సాయంత్రమే మామ పిలిపించాడు. "అబ్బోడా, నువ్వు చదువుకున్నోడివి. ఆఫీసరుకు అరవంలో మన కష్టం బాగా చెప్పాల."

"చెప్తా మామా."

"పార్కు వద్దనే కదా చెప్తావు?"

"వద్దనే చెప్తా మామా."

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు మునుగుతాడంటారు. నేను ఒక పడవ కూడా సరిగ్గా ఎక్కకుండానే మునిగిన రకం. అయినా బాగా ఆలోచించి చివరికి మామ వైపే నిలబడాలనుకున్నాను. పార్కు లేకపోతే నా జట్టు ఓడిపోతుంది, అది ఎలాగూ ఓడిపోతూనే ఉంది. బయలు లేకపోతే మామ ఏం తింటాడు? ఆ ఆలోచనలోనే ఒక గొప్ప ఉపాయం కూడా పుట్టింది.

"మామా, ఆఫీసరుకు నోటితో చెప్పేదానికన్నా కంటికి చూపిస్తే మేలు. మీటింగు దినం బయల్లో నీ పడుగు వేద్దాం."

"తెల్లారకముందే వేస్తాం కదరా. ఆయన వచ్చేలోగా ఆరిపోతాది."

"ఆ దినం కొంచెం ఆలస్యంగా వేద్దాం."

"ఎండకు దారం పెళుసెక్కతాది."

"మబ్బుగా ఉండాదిలే మామా."

మామ ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి నన్ను చూశాడు. "సరే, చదువుకున్నోడివి" అన్నాడు. మా వీధిలో ఈ మాట వినిపించినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుంది.

మీటింగు రోజు షామియానా నగర్ వైపు వేశారు. మామూలుగా పడుగును మా వీధి దారికి సమాంతరంగా, పొడవునా వేస్తారు. అలా వేస్తే షామియానాలో కూర్చున్న ఆఫీసరుకు దాని కొస మాత్రమే కనబడుతుంది. నాకు అది నచ్చలేదు. ఈ చివర బడి ప్రహరీ గోడ నుంచి ఆ చివర కాలువ గట్టు ముళ్ళకంప దాకా, బయలుకు అడ్డంగా వేయించాను.

మామ కుంచె చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "అడ్డంగానా? మనోళ్ళకు దారి?"

"మీటింగు దినం ఎవరు యాడికి పోతారు మామా? అందరూ ఈడనే ఉంటారు కదా."

ఈ మాటలో తప్పేమిటో మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మామకు తెలియలేదు, గంజి చిక్కబడుతోందన్న తొందరలో ఉన్నాడు. నాకూ తెలియలేదు, నాకు ఏ తొందరా లేదు. పడుగు కట్టడం అయ్యాక గజను, ఇంకో నలుగురిని దువ్వడానికి నిలబెట్టి నేను, కట్టేటప్పుడు నిలబడిందే నగర్ వైపు కాబట్టి, నేరుగా కుర్చీలు సర్దడానికి షామియానాలోకి వచ్చేశాను.

ఆఫీసరు జీపు నగర్ వైపు నుంచి వచ్చింది. నగర్ జనం భార్యాబిడ్డలతో వచ్చి కుర్చీలన్నీ నింపేశారు. ముందు వరసలో నగర్ సంఘం పెద్ద సెల్వరాజ్ సారు. రిటైరైన హెడ్మాస్టరు, నెమ్మదైన మనిషి. వాళ్ళ పక్కన మా వీధికని ఉంచిన కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

"ఉంగ తెరు ఆళుంగ ఎంగప్పా?" అన్నాడు ఆఫీసరు. మీ వీధి మనుషులెక్కడయ్యా అని.

"వస్తా ఉండారు సార్" అని తమిళంలో గొప్పగా చెప్పి వెనక్కి తిరిగాను.

మా వీధి వీధంతా వచ్చింది. పడుగుకు అవతల, రైలు గేటు పడితే ఆగిన జనంలాగా వరసగా నిలబడింది. అందరికంటే ముందు వీధికే పెద్దదిక్కు కుప్పవ్వ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అవ్వా, రాండి. ఆఫీసరు కాచుకోనుండాడు" అని అరిచాను.

"యాడికిరా వచ్చేది? పడుగు ఉండాది కదా" అంది అవ్వ.

అప్పుడు తట్టింది నాకు. మా వీధిలో సాగదీసిన పడుగును ఎవరూ దాటరు. పైనుంచి దాటరు, కిందనుంచి దూరరు. పెళ్ళికొడుకైనా సరే, పడుగు చుట్టేదాకా ఆగాల్సిందే. నడక వచ్చినప్పటి నుంచీ నేనూ ఆ కట్టుబాటులోనే పెరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో అందరూ చేసేదే. నేను ఆకులు చేతిలో ఉంచుకునే చేతులు కాల్చుకున్నాను.

పరుగెత్తుకుంటూ పడుగు దగ్గరికి పోయాను. "ఈ ఒక్కసారికి వంగి వచ్చేయవ్వా."

"నీ నోట్లో మన్ను పడ. పడుగు కింద దూరేదానికి నేనేమన్నా కుక్కనా? ఏదీ, నువ్వు దూరు చూస్తాం."

వీధంతా నా వైపే చూసింది. వంగబోయాను. వంగలేకపోయాను. మా తాత నా మోకాళ్ళలో కూర్చుని వద్దంటున్నట్టు కాళ్ళు బిగుసుకుపోయాయి.

"మామా, చుట్టేద్దాం" అన్నాను.

"తడి పడుగు చుడితే దారమంతా ముద్దకట్టిపోతాదిరా. ఆరనీ."

"ఎప్పుడు ఆరతాది?"

"మబ్బుగా ఉండాది కదా" అన్నాడు మామ, కుంచె ఆపకుండా.

పడుచువాళ్ళు కొందరు మెయిన్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వస్తామని బయలుదేరారు. అది బస్సులో పోవాల్సినంత దూరం. నేను షామియానాలోకి తిరిగొచ్చి ఆఫీసరుకు సంగతి చెప్పాను. ఆయన పడుగును చూశాడు, అవతల ఉన్న జనాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"అంటే, నూలు అడ్డం ఉంది కాబట్టి రారా?"

"రారు సార్."

"గోడ కాదు కదా, నూలే కదా?"

"నూలే సార్. అందుకే రారు."

ఆయనకు అర్థం కాలేదు. చెబుతున్న నాకే అర్థం కావడం మానేసింది. కడంబత్తూరులో ఇంకో మీటింగు ఉందని గడియారం చూసుకున్నాడు. సెల్వరాజ్ సారు పాపం మంచి మనసుతోనే అన్నాడు, "ఇష్టం లేనివాళ్ళను బలవంతపెట్టకూడదు సార్" అని.

"సరి. పార్కు కావాలనేవాళ్ళు చేతులెత్తండి."

నగర్ మొత్తం ఎత్తింది. నాన్నల భుజాలెక్కిన పిల్లలు రెండేసి చేతులు ఎత్తారు.

"వద్దనేవాళ్ళు?"

పడుగు అవతల మా వీధి అంతా ఎత్తింది. మామ, గజ, మిగతా నలుగురు మాత్రం ఎత్తలేదు. గంజి తడి మీద ఉన్న పడుగును వదిలితే పాడవుతుంది, కుంచెలు ఆపకూడదు. బయలు కోసం ప్రాణం పెట్టే మామా, పార్కు కోసం ప్రాణం పెట్టే గజా ఒకే పడుగుకు చెరోపక్క తలవంచుకుని దువ్వుతూ ఉండిపోయారు.

"వచ్చి కూర్చున్నవాళ్ళ చేతులే లెక్క" అన్నాడు ఆఫీసరు. "దూరంగా నిలబడి చూసేవాళ్ళవి కాదు."

షామియానాలో మా వీధి మనిషిని నేనొక్కడినే. నా చెయ్యి సగం దాకా లేచింది. అది మొదటి ప్రశ్నకు ఆలస్యంగా లేచిందో, రెండో ప్రశ్నకు వేళకు లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆఫీసరుకు అసలే తెలియలేదు. పార్కు ఖాయమని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు. చుట్టు తిరిగిన పడుచువాళ్ళు ఆయాసపడుతూ వచ్చేసరికి జీపు రేపిన దుమ్ము మాత్రం మిగిలింది.

ఇంతవరకైతే ఏదోలా సర్దుకునేవాణ్ణి. ఆఫీసరుకు కప్పుదామని తెచ్చిన శాలువా, ఆయన తొందరలో వెళ్ళిపోవడంతో సెల్వరాజ్ సారు చేతిలోనే ఉండిపోయింది. ఆయన నేరుగా వచ్చి దాన్ని నా భుజాల మీద కప్పాడు.

"తంబీ, నువ్వు వాళ్ళ మనిషివనుకున్నాను. నూలు కట్టి ఒక వీధినే ఆపేశావే! ఎన్న మూళై!"

ఏం బుర్రయ్యా అని మెచ్చుకోలు. హెడ్మాస్టరు గొంతు కదా, బయలంతా మోగింది. పడుగు అవతలున్న మా వీధి మొత్తానికీ వినబడింది. శాలువా తీసేద్దామని చూస్తే పిన్నీసు కూడా పెట్టి ఉంది.

మధ్యాహ్నానికి పడుగు ఆరింది, చుట్టారు. వీధిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. మామ మాత్రం ఇంటికి రమ్మన్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని అడిగాడు.

"రత్నం, ఒకటే అడగతా. కావాలనే అడ్డంగా వేయించినావా, తెలీక వేయించినావా?"

"తెలీక మామా" అనడానికి నోరు తెరిచాను. ఇంతలో ఆయనే అందుకున్నాడు.

"కావాలని చేసింటే ద్రోహివి. దాన్ని నేను తట్టుకుంటా, ఏ ఇంట్లో లేడు అట్లాంటోడు? తెలీక చేసింటే మాత్రం, మగ్గం ఉండే ఇంట్లో పుట్టి పడుగు ఏ పక్క వేయాల్నో తెలీనోడు నా మేనల్లుడని నలుగురిలో ఎట్లా తలెత్తుకునేది?"

తెరిచిన నోరు అలాగే ఉంది. లోపల మాట మాత్రం మారిపోయింది.

"కావాలనే చేసినా మామా."

మామ పెద్దగా ఊపిరి వదిలాడు. ముఖంలో కాస్త కళ కూడా వచ్చింది. "అట్లనా? అయితే మేలే. ఆ పక్కోళ్ళకు నువ్వు దేవుడివి ఇప్పుడు, నీ మాట వింటారు. పోయి, పొద్దున పూట పడుగు వేసుకునేదానికి పార్కులో తావు ఇప్పించు, పో."

శాలువా తీయకుండానే సెల్వరాజ్ సారు ఇంటికి వెళ్ళాను. ఆయన అంతా విని, నవ్వి, కన్నుకొట్టాడు. "అర్థమైంది తంబీ. వాళ్ళను చల్లబరచాలి కదా. ఇందులోనూ నీ లెక్క ఏదో ఉంటుంది" అన్నాడు. నా లెక్క ఏమిటని నేను ఆయన్నే అడగబోయి ఊరుకున్నాను.

అలా పార్కు వచ్చింది. దాని అంచున తిన్నని నడకదారి వేశారు. పొద్దున్నే దాని మీద ఒకపక్క మామ పడుగు పొడవునా సాగుతుంది, ఇంకోపక్క నగర్ జనం చేతులూపుకుంటూ నడుస్తారు. గజకు పిచ్ దొరికింది, జట్టు ఓడిపోవడం ఆగలేదు. రెండు పక్కలవాళ్ళూ నాలాంటి జిత్తులమారి ఇంకొకడు లేడంటారు. కుప్పవ్వ నేను ఎదురైతే కొంగుముడి గట్టిగా పట్టుకుంటుంది. వచ్చే ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడమని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు కూడా. ఎవరి తరఫున అంటే, అది నాకే బాగా తెలుసంటారు.

మామ ఈమధ్య నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు, "వీడు మా మేనల్లుడు, పెద్ద ద్రోహి" అని ఎంతో గర్వంగా చెబుతున్నాడు. ఆ ముఖం చూశాక నిజం చెప్పే దారి నాకు శాశ్వతంగా మూసుకుపోయింది. అందుకే తిరుత్తణి కొండ వైపు తిరిగి, తడిబట్టలతో, చెంపలు వేసుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా జీవితంలో ఏ తప్పు చేసినా, దేవుడి సాక్షిగా, తెలిసే చేస్తాను.