సున్నమా, మంత్రమా

మొన్న హిందూపురం బస్టాండు దగ్గర తమలపాకులమ్మే ఆమె సున్నం డబ్బా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పెనుకొండ పక్కన మా ఊరు, మా వసారా, ఆ వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ మా వదిన చెప్పిన కబుర్లు ఒక్కసారిగా మీదపడ్డాయి.

వేసవి వస్తే పెనుకొండలో డేరా సినిమా పడేది. ఎద్దులబండి కట్టుకుని పోయి, ఇసుకలో చతికిలబడి, వేయించిన కాయలూ బెల్లమూ నములుతూ చూసొచ్చిన సినిమా మాకు నెల్లాళ్ళు మాటలకు సరిపోయేది. ధర్మవరం హైస్కూల్లో చదివొచ్చిన వదిన మాత్రం కథ వదిలేసి, ఆకాశంలో ఎగిరిన రాకుమారుడి బరువు ఎక్కడికి పోయిందని అడిగేది. ఏడాది నిండని కొడుకును ఒళ్ళో ఆడిస్తూనే, వెలుగును మించి పరుగెత్తేది లోకంలో ఏదీ లేదనీ, ఎవరో మహానుభావుడు కూర్చున్నచోటే లెక్కలు వేసి ఆ సంగతి తేల్చాడనీ చెప్పేది.

ఆ యేటి సినిమాలో మాంత్రికుడు మంత్రం చదివి నీళ్ళను నెత్తురు చేశాడు. అది పసుపూ సున్నమూ అని మాకు తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూడని పిల్లలెవరు? అయినా మంత్రం వల్లే అయిందని నేను మొండికేశాను.

"వాదులాడితే తేలదు పాపా. ఒకతూరి మంత్రం సదువు, సున్నం ఎయ్యొద్దు. ఇంకోతూరి సున్నమేసి నోరు మూసుకో. ఏది ఎర్రగైతాదో చూద్దాం" అంది వదిన.

రెండు చెంబుల్లో పసుపునీళ్ళు పెట్టాం. నేను గుడ్లురిమి మంత్రం అరిచాను, నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. రెండో చెంబులో సున్నం పడగానే ఎర్రబడ్డాయి, నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చబడ్డాయి. అప్పుడే మా అమ్మ గడప దాటి వచ్చింది.

"ఏం చేస్తాండావే ఈడ?"

"ప్రయోగం అత్తా" అంది వదిన నవ్వుతూ.

మా వైపు ఆ మాటకు చేతబడి అని అర్థం. బడిలో దానికి ఇంకో అర్థముందని అమ్మకు తెలియదు. ఆ వారమే మా గేదె, చూడి ఎనుము, గొంతు వాచి చచ్చింది. నిమ్మకాయ, పసుపు, మంత్రం, పైగా ఆమె నోటితో ఆమె అన్న మాట. ఇంకేం కావాలి ఊరికి? వదినను వీధిలో నిలబెట్టి చింతబరికెలతో కొట్టారు. ప్రయోగం చేసినావా లేదా అని ఊరిపెద్ద అడిగితే, "చేసినాను, కానీ ఇది ఆ ప్రయోగం గాదు" అంది. మొదటి మాట తరువాత ఎవరూ వినలేదు. విన్నవాడు మా అన్నొక్కడే. కట్టుకున్నవాడు, అదే సైన్సు పాఠం చదివి పాసైనవాడు, నోరు తెరవలేదు. ధర్మవరం రైలెక్కించేటప్పుడు మాత్రం బిడ్డను ఆమె చేతుల్లోంచి పెరుక్కున్నాడు. పాలు చేపి తడిసిన రవికతోనే ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ రానివ్వలేదు. అన్నను నేను ఈ రోజుకీ మన్నించలేదు. మీ అమ్మ పురిట్లోనే పోయిందని చెప్పి ఆ బిడ్డను పెంచారు.

ఇప్పుడు డేరా లేదు, బండ్లు లేవు, వసారా పడగొట్టి మిద్దె కట్టారు. అవతల ఎర్రమంచి దగ్గర కార్లు చేస్తున్నారు. అన్న పోయాక, ఆనాటి ఒడిలో బిడ్డకు, అంటే అరవై దాటిన నా మేనల్లుడికి, జరిగిందంతా చెప్పాను. అమ్మ ఎట్లుండేదని అడుగుతాడనుకున్నాను. వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే ఎనుము దేనికి సచ్చిందత్తా?"