చెరుకాకు మీద వేడి బెల్లం

2022 చలికాలం. చోడవరంలో ఒక మానసిక వైద్యశాలలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. డాక్టరు మందు రాస్తారు. మందు వేసుకున్న మనిషి మళ్లీ ఇంట్లో, పనిలో, ఊళ్లో ఇమిడేలా చూడడం మా పని. జమీందారైన మా తాతగారి దివాణం ఇప్పుడు పెళ్లిళ్ల హాలు. నాకు మిగిలింది మా ఇంటి పద్ధతి ఒకటే: ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు కూడా ముట్టం. చుట్టుపక్కల ఊళ్లకు ఇది తెలుసు.

కె.కోటపాడు వైపు ఒక పల్లెలో సన్నాసి (పేరు మార్చాను) బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు. ఎవరూ లేనిచోట మాటలు వినిపించే జబ్బు చేసి చెరుకురసం కాచే పెనానికి దూరమయ్యాడు. మందులతో ఆ మాటలు ఆగాయి. మందు వల్ల మత్తు లేదని చూసుకుని, ఇక మంట దగ్గర పనికీ వెళ్లవచ్చన్నారు డాక్టరు. అతని అన్న రాములు ఒప్పుకోలేదు.

"మంట గురించి కాదు బాబూ. పిచ్చోడు వండిన బెల్లం ఎవుడు తింతాడు, సెప్పండి?"

సన్నాసికి మందుల మీద విసుగు పుట్టింది. "తిని తొంగోడానికేటి ఈ మాత్తర్లు?" అన్నాడు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. దాన్నే రిలాప్స్ అంటాం. అందుకని హోం విజిట్‌కు, అంటే మనిషి ఇల్లూ పనిచోటూ స్వయంగా చూడడానికి, వెళ్లాను. ఒక్క పెనం తమ్ముడి చేత వండించడానికి రాములును ఒప్పించాను.

ఆ ఉదయం బెల్లం పాకలో సన్నాసి తెట్టు తీశాడు. పాకం చుక్క నీళ్లలో వేసి, ఉండ కట్టగానే పెనం దింపించాడు. అప్పుడు దగ్గరున్నవాళ్లందరికీ చెరుకాకు మీద కాస్త వేడి బెల్లం పెట్టడం అక్కడి ఆచారం. అతను ఆకు చాచాడు. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. ఒక ముసలాయన పంటినొప్పి అన్నాడు. ఆయనకు పళ్లే లేవు.

ఆకు నా వైపు తిరిగింది.

"ఒరే, బాబుగోరికి ఎట్టకు. ఆలు మనిళ్లల్లో ఏటీ ముట్టరు" అన్నాడు రాములు.

"ఇది ఇల్లేటి? పాక కదా!" అన్నాడు సన్నాసి.

తీర్పు సబబుగానే తోచింది. తీసుకుని నోట్లో వేసుకున్నాను. నాలుక చుర్రుమంది. అంతమంది ముందు ఉమ్మితే సన్నాసి పని అయిపోయినట్టే. నిటారుగా నిలబడి మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏటి బాబూ, ఏడుస్తన్నారు?" అంది సన్నాసి వాళ్లమ్మ.

"బాగుందమ్మా."

పాకంతా నవ్వింది. రెండో ఆకు పంటినొప్పి ముసలాయనే అందుకున్నాడు. "దివాణపోరే తిన్నారు, మనకేటి?" అన్నాడు. తర్వాత అందరి చేతులూ ముందుకొచ్చాయి. రాములు చివర్న వేలు నాకి, "రేపు పెందలాడే లెగు" అన్నాడు తమ్ముడితో.

సన్నాసి ఇప్పటికీ పెనం దగ్గరే ఉన్నాడు. మాత్ర మరిచిపోతే రాములే గుర్తుచేస్తున్నాడు.

జబ్బు తగ్గిందని ఊరికి ఎంత చెప్పినా చాలదనీ, నలుగురిలో ఆ మనిషి చేతి తిండి తినాలనీ ఆ పాకలో నేర్చుకున్నాను. మా ఇంటి పద్ధతి మాత్రం మానలేదు. నేను ఎక్కడపడితే అక్కడ తినేవాణ్ణయితే, ఆ రోజు తిన్నదానికి అంత విలువ ఉండేది కాదు.