ధర్మవరంలో ఒడ్డున పడిన డాల్ఫిన్

మా ధర్మవరంలో పట్టుచీరలమ్మే బదరీనారాయణన్నకు ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను ఎట్లా కాపాడాలో నేర్పిస్తాడు. మాకు సముద్రం ఎంత దూరమంటే, చిత్రావతి ఏట్లో మోకాలి లోతు నీళ్ళు పారినా ఊరంతా పోయి చూసొస్తాం.

ఒకసారి చీరలు అమ్మడానికి కాకినాడ వైపు పోయినప్పుడు ఇసుకలో పడి ఉన్న డాల్ఫిన్‌ను చూశాడట. జనం తోక పట్టి లాగారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. అది చచ్చిపోయింది. అన్న అక్కడే ఉండిపోయి, అటవీశాఖవాళ్ళ దగ్గర శిక్షణ తీసుకుని తిరిగొచ్చాడు. చీరల మూట మాత్రం రైల్లో మరిచిపోయి వచ్చాడు.

అప్పటినుంచి అంగట్లో ఇదే వరస.

"పెండ్లి చీర చూపించన్నా."

"చూపిస్తాలేమ్మా. ముందర చెప్పు, డాల్ఫిన్‌కు ముక్కు యాడుంటాది?"

"మూతి మీద."

"తప్పు! నడినెత్తిన! ఆడ నీళ్ళు పోసినావంటే సచ్చిపోతాది."

పెండ్లికూతురి తల్లి పాపం హడలిపోయి పక్క అంగడికి పోయేది.

"మనకు సముద్రం యాడుండాదన్నా?" అని ఎవరైనా అంటే అన్నకు కోపమొచ్చేది. "ఏమప్పా, జన్మంతా ఈడనే పడుంటావా? ఏదో ఒక పొద్దు సముద్రం చూసేకి పోతావు. ఆ పొద్దే అది ఒడ్డున పడితే?" అడిగినవాడు మెల్లిగా జారుకునేవాడు.

అమావాస్యకు మగ్గాలకు సెలవు. ఆ రోజు మా వీధిలోనే శిక్షణ. "వీధి పొడుగునా పడుగు దారాలు సాపేటప్పుడు ఒక్క పోగు తెగకుండా అందరం ఒక్కసారి ఎత్తుతాం కదా, దాన్ని గూడా అట్లే ఎత్తాల. మనకంటే బాగా ఎవురెత్తుతారప్పా!" అనేవాడు. మొదట్లో డాల్ఫిన్ అంటే పొట్టు నింపిన గోతం. మా పక్కింటి బయమ్మక్క దాని నెత్తిన పసుపు కుంకుమ పెట్టి మొక్కింది.

"ముక్కు మూసేస్తివే తల్లీ!"

"సముద్రంలోనుంచి వచ్చినాది, దేవుడే కదప్పా!"

ఆ తరువాత అన్న గోతం వద్దన్నాడు. ఊపిరి పీల్చేది కావాలన్నాడు.

నేనప్పుడు ఇంట్లో దాక్కుని ఉన్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, మగ్గం గుంతలో కూర్చోనని మా నాయన రామదాసు మొహం మీదే చెప్పి బెంగుళూరు పోయిన మొనగాణ్ణి. కంపెనీవాళ్ళు పీకేస్తే తిరిగొచ్చాను. నాయన ఒక్క మాట అనలేదు. అస్సలు మాట్లాడనే లేదు. ఆయన తిని మగ్గంలోకి దిగాక నేను తినేవాణ్ణి.

అన్న నేరుగా ఇంట్లోకొచ్చాడు. "ఒరే ఓబిలేషూ, పొడుగ్గా ఉండావు. డాల్ఫిన్‌వి నువ్వే."

"నేను రానన్నా. వీధిలో మొహం ఎట్లా చూపించేది?"

"డాల్ఫిన్ యాడన్నా నడిచొస్తాదా? మేమే మోసకపోతాం."

మోసుకుపోయారు కూడా. చాప మీద బోర్లా పడేసి, తడిపంచె కప్పి, చెంబుతో నీళ్ళు చల్లారు. వీధి వీధంతా నిలబడి చూస్తోంది. నేను చదివిన పుస్తకాల్లో ఏ ఒక్కదానిలోనూ ఇంత అవమానం లేదు.

"బయమ్మక్కా, నువ్వు తోక దగ్గర. లాగొద్దు! రామదాసూ, నువ్వు తలకాయ దగ్గర."

నాయన పాదాలు నా మొహం ముందుకు వచ్చి ఆగాయి. కండ్లు గట్టిగా మూసుకున్నాను.

"తలకాయ దగ్గరోడు మెల్లిగా మాట్లాడతా ఉండాల," అన్నాడు అన్న. "అది సగం భయంతోనే సస్తాది."

"ఏం మాట్లాడాల?" నాయన గొంతు.

"ఏమైనా. తిట్టగూడదు, అంతే."

"దానికి తెలుగు వస్తాదా?"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ఆయన చెయ్యి నా వీపు మీద పడింది. "ఎముకలు తగులుతాండాయి. ఆడ సరిగ్గా తిన్యావో లేదో."

"నాయనా, నేను..."

"డాల్ఫిన్ మాట్లాడగూడదు!" అన్న గద్దించాడు.

"మగ్గంలో కూచోకపోతే మానెయ్," అన్నాడు నాయన నా చెవి దగ్గర. "తినేటప్పుడు మాత్రం నా పక్కన కూచో."

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. చాప మీద మొహం దాచుకోబోతే, గట్టిగా అన్న గొంతు వినబడింది.

"అందరూ ఇనండప్పా! ఒడ్డున పడిన డాల్ఫిన్‌కు కండ్లలో నీళ్ళు కారతాయి. అది మామూలే. చుట్టూ మూగి చూడగూడదు. అందరూ అట్ల తిరుక్కోండి!"

వీధంతా బుద్ధిగా అటు తిరిగింది. బయమ్మక్క ఒక్కతే తిరగలేదు.

"బదరన్నా, మల్ల రామదాసన్నకు గూడా కారతాండాయే?"

అన్న తానూ గోడవైపు తిరుక్కున్నాడు.

"ఆ పాఠం వచ్చే అమావాస్యకమ్మా!"