తొంభై అడుగుల చెరువు

పిల్లనిచ్చిన మామగారిని చెరువు మధ్యకు తీసుకెళ్ళి, ప్రాణం ఉండగానే యముణ్ణి చూపించి, మధ్యాహ్నం భోజనానికల్లా ఇంటికి తెచ్చి కూర్చోబెట్టిన అల్లుణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అనుకుంటాను. మీలో ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి, ఇద్దరం కలిసి ఓ సంఘం పెట్టుకుందాం. ఎవరూ లేరా? అనుకున్నాను. అయితే వినండి.

అప్పట్లో నాది కొత్త పెళ్ళి, కొత్త ఉద్యోగం. బెంగుళూరు బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీ పై అంతస్తులో మా ఆఫీసు. నేను కాకినాడ వాణ్ణి. మా ఆవిడ సునీత వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగుళూరు వాళ్ళు. మా మామగారు అప్పుడే ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఆయనకు సిగరెట్టు లేదు, పేకాట లేదు, సినిమా లేదు. ఉన్నదొక్కటే సరదా, గాలం. ఆదివారం వస్తే చాలు, హొసకోటె దాటి ఒక చెరువు కట్టమీద సాయంత్రం దాకా కూర్చునేవారు. ఏదో ఒకరోజు సొంత పడవ కొనుక్కుని చెరువు మధ్యకు వెళ్ళాలని జీవితమంతా కలగన్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి, నిజంగానే ఒక చిన్న ఫైబరు పడవ కొన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఇంట్లో ఇంజనీరు అల్లుడున్నాడు కదా!

"రెండు తెడ్లు చాలప్పా," అన్నారాయన. "చేతులుండాయి కదా."

"తెడ్లా? మావయ్యగారూ, ఏ కాలంలో ఉన్నారు మీరు? మోటారు పెడదాం. పెట్రోలుది కాదు, కరెంటుది. లారీ బ్యాటరీతో నడుస్తుంది. చప్పుడే ఉండదు, చేపలు బెదరవు."

"చేపలు యాడుండాయో తెలిస్తే కదా బెదిరేది."

"దానికీ యంత్రం ఉంది. అడుగున ఒక సెన్సరు. అది నీళ్ళలోకి శబ్దం పంపిస్తుంది. ఎంత లోతుందో, ఏ లోతులో ఏ చేప పోతోందో, టీవీలో చూసినట్టు తెరమీద చూడొచ్చు."

ఆయన నన్ను అదోలా చూశారు. ఇంటర్నెట్టులో నెలరోజులు చదివి, ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్.పి. రోడ్డులో ఒక షాపాయన్ని పీడించి, ఆయన చేత మోటారూ, యంత్రమూ ఎక్కడినుంచో తెప్పించాను. మోటారు ఎంత బలమైనది కావాలి, తెర రంగులదా నలుపు తెలుపుదా, చేత్తో తిప్పేదా కాలితో తొక్కేదా అని నేను వేసిన ప్రశ్నలకు ఆ షాపాయన గడ్డం పెరిగింది. చివరికి ఆయన, "సార్, మీ నీళ్ళు ఎంత లోతు?" అనడిగాడు.

షాపుకి నాతో వచ్చిన మామగారు తల గోక్కున్నారు. "కట్ట పక్కన తెలుసప్పా. మధ్యలో ఎవరికి తెలుసు? లోపల పాతబావి ఒకటి ఉండాదంట. దానికి అడుగే లేదని మా నాయన చెప్పేవాడు. అందుకే ఎవరూ ఆ పక్క పోరు."

"ఎంత లోతుకైనా పనిచేసేదివ్వండి," అన్నాను నేను దర్జాగా.

యంత్రం ఇంటికొచ్చిన రోజు పడవ ఇంకా రంగు వేసేవాడి దగ్గరే ఉంది. కానీ మంచి గడియ ఆ సాయంత్రమే ఉందని మా అత్తగారు పట్టుబట్టారు. అందుకని పడవ లేకుండానే, సెన్సరు అట్టపెట్టెలో ఉండగానే, యంత్రానికి భోజనాల బల్లమీద పూజ జరిగింది. కుంకుమ పెట్టారు. మల్లెపూలు చుట్టారు. కర్పూరం పొగలో నేను స్విచ్ వేశాను. తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది, కింద 'యెస్', 'నో' అని రెండు గడులు. పొగకు నా కళ్ళద్దాలు మసకబారాయి.

"ఉండండత్తయ్యగారూ, ఏదో అడుగుతోంది, చదవనివ్వండి."

"గడియ దాటిపోతుండాది! ఏం అడిగితే ఏం? శుభమా అని మొదలుపెడతా 'నో' అంటారా ఎవరన్నా? యెస్ నొక్కప్పా!"

నొక్కాను. కంపెనీ బొమ్మ వెలిగింది. "చాలు, గడియకి వెలిగింది, ఆర్పెయ్," అన్నారు అత్తగారు. ఆర్పేశాను. కొబ్బరికాయ కొట్టారు. అందరం చిప్పలు పంచుకుని తిన్నాం.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామునే మేమిద్దరం చెరువు దగ్గరున్నాం. చలికాలం. బెంగుళూరు చుట్టుపక్కల మంచు ఎలా దిగుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కట్టమీద నిలబడితే నీళ్ళు కనిపించలేదు. సెన్సరు తగిలించి, మోటారు బిగించి, పడవ లోపలికి తోశాం. నాలుగు బారలు వెళ్ళామో లేదో, వెనక్కి తిరిగి చూస్తే కట్ట లేదు. చెట్లు లేవు. తెల్లటి గోడల మధ్య, కప్పు లేని గదిలో కూర్చున్నట్టుంది.

మోటారుకు చప్పుడు లేదు. అదే దాని గొప్పతనమని షాపాయన చెప్పాడు. నిజమే, కానీ చప్పుడు లేకుండా, గాలి లేకుండా, తెడ్డు వెయ్యకుండా పడవ తనంతట తాను మంచులోకి పోతుంటే ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. ఎవరో ముందునుంచి తాడు కట్టి లాక్కుపోతున్నట్టుంది. యంత్రం వేశాను. తెర నీలంగా వెలిగింది.

"ఎంత ఉండాదప్పా లోతు?"

"పన్నెండడుగులు."

"ఇప్పుడు?"

"ముప్పై."

ఆయన గాలానికి ఎర గుచ్చడం ఆపారు. "కట్టకి ఇంత దగ్గర్లో ముప్పై అడుగులా? ఈడ బర్రెలు దిగేది నేను చూసినానే."

"మీరు చూసింది పైన, మావయ్యగారూ. ఇది అడుగున చూస్తోంది," అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నలభై. అరవై. తెరమీద అడుగు గీత కిందికి, ఇంకా కిందికి జారిపోతోంది. ఎనభై దాటింది. తొంభై నాలుగు దగ్గర నిలబడింది. పైన ఎక్కడో ఒక పిట్ట పసిపిల్ల ఏడ్చినట్టు అరిచి ఊరుకుంది.

"బావి," అన్నారు మామగారు. "బావి మీద ఉండాము."

అప్పుడు వచ్చిందది. తెరమీద చిన్న చిన్న చేపలు కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి అవన్నీ మాయమయ్యాయి. ఎడమవైపు నుంచి ఒక ఆకారం మెల్లగా బయలుదేరింది. చేప కాదు, చేప అంత ఉండదు. మా పడవకన్నా పొడుగుంది. యంత్రం ఒకసారి కూసింది. ఆకారం మా కిందనుంచి పోయి కుడివైపు మాయమైంది.

"అదేందప్పా?"

"తెలీదండీ."

పడవ పక్కకు తిప్పాను. కాసేపటికి మళ్ళీ ఎడమవైపు నుంచే వచ్చింది. అంతే పొడుగు, అంతే నెమ్మది. మోటారు ఆపేశాను. మళ్ళీ వచ్చింది.

"మన వెనకే తిరుగుతుండాది," అని గుసగుసలాడారు మామగారు. ఒళ్ళంతా చెమట, ఆ చలిలో.

వెనక్కి పోదామని మోటారు వేశాను. అది ఒకసారి మూలిగింది, పడవ ముందు ఊగింది, తర్వాత గట్టిగా ఆగిపోయింది. కింద ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. చేయి నీళ్ళలో పెట్టి మోటారు రెక్కలు తడిమాను. వేళ్ళకు చల్లగా, మెత్తగా, పొడుగాటి జుట్టు తగిలింది. ఒక పిడికెడు కాదు, బోలెడు జుట్టు. లాగితే అటునుంచి కూడా లాగింది.

నేను అరిచిన అరుపు ఇక్కడ రాయలేను. మగవాడు అరిచే అరుపు కాదది.

మామగారు అరవలేదు. గాలం కర్ర ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, పైకే మొక్కుకున్నారు. "గంగమ్మ తల్లీ, తెలీక నీ బావి మీదకి వచ్చినాము. నన్ను ఏమన్నా చెయ్యి, ఈ పిల్లోణ్ణి గట్టుకు చేర్చు. నా బిడ్డకి నిన్న మొన్న పెళ్ళయింది. ఈ పొద్దు నుంచి గాలం ముట్టను తల్లీ. ఈ చెరువు దిక్కు రాను."

చూశారా? తన కోసం కాదు, నా కోసం. ఉన్న ఒక్క సరదా తీసి అమ్మవారి కాళ్ళ దగ్గర పెట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. భయానికో, ఆ మాటకో తెలియదు.

అప్పుడే మంచులో ఊపిరి చప్పుడు వినిపించింది. పెద్ద పెద్ద ముక్కులతో బుస్సుమని వదిలే ఊపిరి. ఒకటి కాదు, చాలా. మంచులోంచి ముందు కొమ్ములొచ్చాయి. వెనకాల నల్లగా, నిలువుగా ఒక మనిషి, భుజాన కర్ర. తొంభై నాలుగడుగుల నీళ్ళమీద నడుచుకుంటూ నేరుగా మా వైపే వస్తున్నాడు.

"మావయ్యగారూ! యముడండీ! ఒక్క దున్నపోతు కాదు, మందనే వేసుకొచ్చాడు!"

ఆయన కళ్ళు మూసుకున్నారు. యముడు పడవ దగ్గర ఆగాడు.

"ఏన్ సార్, సిక్కాకొండ్రా?" అన్నాడు. ఇరుక్కుపోయారా అని అడుగుతున్నాడు. బెంగుళూరులో చస్తే యముడు కూడా కన్నడమే మాట్లాడతాడు కాబోలని అప్పుడే అనిపించింది.

అప్పుడు చూశాను. నీళ్ళు అతని తొడల దాకా ఉన్నాయి. అంతే. తొడల దాకా! పక్కన బర్రెలు సుఖంగా నాచు నములుతున్నాయి. అతను వంగి, మోటారుకు చుట్టుకున్న నాచు నాలుగు గుంజులు గుంజి పారేశాడు. నేను పట్టుకున్న జుట్టు అదే. ఒంటి చేత్తో పడవను గట్టువైపు తోస్తూ, వెలుగుతున్న తెర చూసి, "టీవీనా సార్?" అనడిగాడు. తెరమీద అతని తొడలు తొంభై నాలుగడుగుల లోతులో ఉన్నాయి. ఆ పాతబావి సంగతి మామగారు అడిగితే, అది అవతలి గట్టు దగ్గర ఉండేదని, ఎప్పుడో పూడ్చేశారని చెప్పాడు.

ఇంటికి రాగానే మామగారు గాలాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేశారు. "మొక్కుకున్నాను. అయిపోయింది," అన్నారు. పడవ అమ్మిపెట్టమని నాకే చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

షాపాయనకు ఫోన్ చేసి తిట్టాను. అంతా విని ఆయన నెమ్మదిగా అడిగాడు. "మొదటిసారి స్విచ్ వేసినప్పుడు సెన్సరు తగిలించారా సార్? తగిలించకపోతే, 'సెన్సరు లేదు, మచ్చుకు బొమ్మ నడపమంటారా' అని అడుగుతుందే! షాపులో జనానికి చూపించడానికి పెట్టింది సార్ అది. ఒకసారి ఒప్పుకుంటే, తర్వాత సెన్సరు తగిలించినా ఆ బొమ్మే నడుస్తుంది. దానికి మీరు ఏం నొక్కారు?"

భోజనాల బల్లమీద యంత్రం పెట్టి, అందరి ముందూ స్విచ్ వేశాను. పన్నెండు, ముప్పై, అరవై, తొంభై నాలుగడుగులు. చిన్న చేపలు మాయమయ్యాయి. ఎడమవైపు నుంచి ఆ ఆకారం మెల్లగా బయలుదేరి, మా పులుసు గిన్నె కిందనుంచి పోయింది.

మామగారు తెర చూశారు, బల్ల చూశారు, నేల చూశారు. మేముండేది మేడమీద. "కింద బాడుగోళ్ళ వంటిల్లు కదప్పా ఉండేది," అన్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, ఉన్నట్టుండి ఆపేశారు. "అయినా మొక్కు మొక్కే కదా," అన్నారు.

"చెల్లదండీ!" అన్నాను. "ప్రమాదమే లేనప్పుడు మొక్కేమిటి?"

"భయం నిజమే కదప్పా?" అన్నారు అత్తగారు. "ఆయన అమ్మని పిలిచింది నిజం. ఆ బర్రెలాయప్ప వచ్చింది నిజం. మాట తప్పితే ఎట్ల?" పులుసు గిన్నె మీద మూత పెట్టారు. "కానీ ఒకరి మొక్కు ఇంట్లో ఇంకొకరు తీసుకోవచ్చు. మా అన్న మొక్కుకున్న గుండు మా అక్క కొడుకు చేయించుకోలేదా?"

ముగ్గురూ నావైపు చూశారు. నాకు ఎక్కడలేని తెలివి వచ్చింది. "దాందేముందండీ! రేపటినుంచి నేను గాలం ముట్టను."

"నువ్వు పట్టింది ఎప్పుడప్పా, వదిలేదానికి? నీకు బో ఇష్టమైంది వదలాల. అప్పుడే అమ్మ ఒప్పుకుంటాది. ఏమిష్టం నీకు?" అన్నారు అత్తగారు.

నేను ఇంకా కాకరకాయ అందామా, పొట్లకాయ అందామా అని చూస్తున్నాను. కట్టుకున్న పెళ్ళాం, అగ్నిసాక్షిగా చేయి పట్టుకున్న మనిషి, క్షణం ఆలోచించకుండా చెప్పేసింది.

"చేపల పులుసు, అమ్మా. అది లేకపోతే బతకడు."

వీధి చివర గంగమ్మ గుడిలో, పసుపు తాడు కట్టించుకుని, కాకినాడలో పుట్టిన నేను చేపలు మానేశాను. మా అమ్మకు ఫోన్లో చెబితే ఆరోగ్యం బాగాలేదేమోనని బెంగపడింది.

తర్వాతి ఆదివారం మామగారు మళ్ళీ చెరువులో ఉన్నారు. యంత్రం తీసేశారు కానీ, "చేతులు నొప్పి పుడతాయప్పా," అని మోటారు మాత్రం ఉంచుకున్నారు. నన్నూ ఎక్కించుకున్నారు. చెరువు మధ్యలో గాలం వంగింది. నా చేయంత కొరమేను ఎండలో తళతళలాడుతూ పైకొచ్చింది. జీవితంలో ఆయన పట్టిన వాటిలో అదే పెద్దది. చిన్నపిల్లాడిలా నావైపు ఎత్తి చూపించారు.

"ఎట్ల ఉండాది, అల్లుడా?"

"అద్భుతంగా ఉందండీ," అన్నాను, నోట్లో ఊరిన నీళ్ళు మింగుతూ. అల్లుడా అని ఆయన నన్ను పిలవడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా పులుసు వాసన. వాళ్ళ ముగ్గురి కంచాల్లో కొరమేను, నా కంచంలో పప్పుచారు. అందుకని పెద్దలందరి సమక్షంలో, కుడిచేయి పప్పుచారులో పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరి చెరువు లోతూ నేను కొలవను. ఈ ఒక్క మొక్కు నా బదులు మోయడానికి మాత్రం మా మామగారు ఇంకెంతమంది అల్లుళ్ళనైనా తెచ్చుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.