సూర్యుణ్ణి నమ్మి జనరేటర్ వద్దన్న రోజు

కాసిం మావయ్య కూతురి పెళ్లిలో బిర్యానీ వంటవాళ్లు వండారు. గుడివాడ మగపెళ్లివారిని మాత్రం నేనే ఉడకబెట్టాను. ఆ పాపం పూర్తిగా నాది.

ఆ ఎండాకాలం బందరులో నాకు సోలార్ పట్టుకుంది. డాబా మీద పలకలు బిగించిన మర్నాటి నుంచి పాలబ్బాయిని కూడా వదల్లేదు. "ప్రపంచానికంతటికీ సరిపడే కరెంటు మన నెత్తిన ఊరికే పడుతోంది, తెలుసా?" అనేవాణ్ణి. దాంతో అతను నేను నిద్ర లేవకముందే పాలు పోసి పారిపోవడం మొదలుపెట్టాడు.

పెళ్లికి ముందు రోజు కబురొచ్చింది. లైన్ల మరమ్మతులట, మర్నాడు మధ్యాహ్నం మా పేటకి కరెంటు ఉండదట. పక్కింటి కాసిం మావయ్య నాకు చుట్టం కాదు. అయినా నన్ను అల్లుడనే పిలుస్తాడు.

"జనరేటర్‌కి చెప్పేశాలే అల్లుడూ," అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమంది. "పక్కింట్లో సోలార్ పెట్టుకుని డీజిల్ పొగ ఏంటి మావయ్యా? మా ఇంటి నుంచి వైరు లాగుదాం. ఫ్యాన్లూ, కుల్ఫీ ఫ్రీజరూ అన్నీ నేను చూసుకుంటా."

"నమ్మొచ్చా? ఒక్కగానొక్క పిల్ల. మగపెళ్లివాళ్లసలే ప్రతిదానికీ వంక పెట్టే రకం."

"ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి మావయ్యా!"

పాపం, ఆ మాటకి పడిపోయి జనరేటర్ వద్దని ఫోన్ చేసేశాడు.

మర్నాడు పెళ్లివారు షామియానా కింద కూర్చోగానే కరెంటు పోయింది. నేను ఇంద్రజాలికుడిలా నవ్వుతూ ఫ్యాన్ల వైపు చెయ్యి చూపించాను. అవి తిరగలేదు. పైన సూర్యుడు రోడ్డు మీద తారు కరిగిస్తున్నాడు, మా ఇంట్లో గుడ్డి బల్బు కూడా వెలగడం లేదు. సోలార్ బిగించినతనికి ఫోన్ చేశాను.

"లైన్లో కరెంటు పోతే మీదీ ఆగిపోతుందండీ. లేకపోతే మీ కరెంటు బయటికెళ్లి స్తంభమెక్కినవాడికి షాక్ కొట్టదూ? ఆగకూడదంటే బ్యాటరీ పెట్టుకోవాలి. బిగించిన రోజే చెప్పబోయానండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు ప్రపంచం గురించి చెబుతున్నారండీ."

షామియానా కింద పెళ్లికొడుకు తండ్రి టోపీ తీసి విసురుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మా గుడివాడలో పెళ్లంటే ఫ్యాను కూడా పెడతారండీ," అన్నాడు. కాసిం మావయ్య జనరేటర్ అతనికి మళ్లీ ఫోన్ చేశాడు. జనరేటర్ అప్పటికే పెడనలో ఇంకో పెళ్లికి వెళ్లిపోయిందట.

"ఏవండీ, అలా నిలబడతారేంటి?" అంది మా ఆవిడ సరళ. "కాసిం బాబాయి గారి ముఖం చూడలేకపోతున్నాను. అందర్నీ మన డాబా మీదకి తీసుకురండి. పలకల కింద నీడుంది, గాలొస్తోంది."

నిజమే. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఆవిడ పట్టుబట్టి పలకల్ని ఎత్తైన ఇనప స్తంభాల మీద పెట్టించింది. బల్లలు పైకెక్కాయి, బిర్యానీ డేగిశాలు ఎక్కాయి. సముద్రం మీది గాలి తగిలేసరికి ముఖాలు తేటపడ్డాయి. కరిగిపోయిన కుల్ఫీని గ్లాసుల్లో పోసిస్తే, అది బందరు మర్యాద కాబోలనుకుని రెండోసారి అడిగి తాగారు. కాసిం మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

పెళ్లికొడుకు తండ్రి నా భుజం తట్టాడు. "పందిరి బ్రహ్మాండంగా వేయించారు మాస్టారూ! ఈ నల్లరేకులు ఏ కొట్లో దొరుకుతాయండీ? మా గేదెల పాకకి వేయిద్దామని."

సూర్యుడిలో లోపం లేదు. ఆయన ప్రపంచాన్నంతా వెలిగించగలడని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే చేతిలో కుల్ఫీ గ్లాసుతో, ఆ ప్రత్యక్ష నారాయణుడి ఎదుటే శపథం చేశాను: ప్రపంచానికి కరెంటిచ్చే పని ఇక ఆయనకే వదిలేస్తాను. బిగించడానికి వచ్చినవాడు చెప్పేది పూర్తయ్యేదాకా ఈ జన్మలో నోరు తెరవను.